ఎవరూ వద్దనని దున్నపోతు

కన్నకొడుకంటే తనకు భయమని గేదె పొగడ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. పైకి అనడం మాట అటుంచి, నెమరు వేసేటప్పుడు ఆ ముక్క గొంతులోకి వచ్చినా మళ్లీ మింగేసేది. కానీ వాడి గిట్టల చప్పుడు వినపడితే చాలు, నీడలోంచి లేచి ఎండలోకి జరిగేది. "ఎందుకొదినా లేచావు?" అని పక్కనున్న మేక అడిగితే, "కాళ్లు పట్టేశాయి సూరమ్మా, కాస్త తిరుగుదామని" అనేది. పట్టేసింది కాళ్లు కాదు, గుండె.

కొడుకు పేరు కొమ్మోజి. పుట్టినప్పుడు వాడి నెత్తిమీద రెండు బొడిపెలు చూసుకుని, మురిసిపోయి పెట్టుకున్న పేరు. ఇప్పుడా బొడిపెలు మూరెడేసి కొమ్ములయ్యాయి. మబ్బుకొండ కింది బీడులో వాటి పోటు తినని జీవి లేదు.

ఆ బీడుకు ఒక పక్క వాగు, ఇంకో పక్క అడవి, నడుమ బురద మడుగు. గేదెలు, ఆవులు, మేకలు అన్నీ కలిసి ఒకే మంద. మందకు పెద్ద మోతుబరి అనే ముసలి దున్న. పొద్దస్తమానం మడుగులో నానుతూ ఉంటాడు. మాట మెత్తన, మేత మెండు.

ఆ పొద్దున మేక సూరమ్మ మడుగు గట్టున నిలబడి గొంతు చించుకుంటోంది.

"మోతుబరి మావా! నీళ్లు తాగుతున్న మా అమ్మని, పళ్లూడిన ముసల్దాన్ని, నీ కొమ్మోజి వెనకనుంచి పొడిచి మడుగులోకి తోశాడు. ఆవిడ మునుగుతూ తేలుతూ ఉంటే గట్టున నిలబడి నవ్వాడు. వాడి వెనకున్న కుర్రమూకా నవ్వింది. ఇదేం మర్యాద?"

మోతుబరి బురదలోంచి ముట్టె పైకెత్తాడు. "చచ్చిపోయిందా?"

"చావలేదు."

"మరింకేం? కుర్రతనం, ఉడుకు నెత్తురు. ఆ వయసులో మేం చెయ్యలేదా?"

"నా పిల్లలకీ అదే వయసు. వాళ్లెవర్నీ తొయ్యట్లేదే!"

"మేకపిల్లలు తోస్తే ఎవరు పడతారే?"

మంద గొల్లున నవ్వింది. ఆ నవ్వులో పొగడ గొంతు లేదు, కానీ "తప్పు" అన్న గొంతూ లేదు. తుమ్మచెట్టు వెనక నిలబడి తోకతో ఈగలు తోలుకుంటోంది.

అప్పుడు బసవన్న ముందుకొచ్చాడు. కాడి మోసి మోసి మెడ కాయలు కాసిన ముసలి ఎద్దు. పని చేతకాని వయసు వచ్చాక ఈ బీడులో చేరాడు. మాట్లాడితే మెల్లగా మాట్లాడతాడు కాబట్టి ఎవరూ వినరు.

"నవ్వండర్రా, నవ్వండి. రేపు వీడు మీ మీదకు వస్తే 'మొక్కై వంగనిది మానై వంగుతుందా' అని మీరే సామెతలు చెప్తారు."

"చెప్తే తప్పేముంది బసవన్నా?" అన్నాడు మోతుబరి.

"మొక్కగా ఉన్నప్పుడు వంచబోయింది ఎవరట? చుట్టూ కూర్చుని కోడిపందెం చూసినట్టు చూసింది ఎవరట?"

ఆ సంగతి అందరికీ తెలుసు. కొమ్మోజి పాలు మరవకముందే పెద్ద దున్నలు పొద్దు గడవక వాణ్ణి ఇంకో దూడ మీదకు ఉసిగొల్పేవి. వాడు ఓడితే "ఆడపెయ్యవి రా నువ్వు" అని ఎగతాళి. గెలిస్తే మెత్తటి గరిక. ఒకరోజు చెవి చీలి, నెత్తురు కారుతూ తల్లి దగ్గరకు వచ్చాడు. పొగడ ఆ చెవి నాకింది. అంతవరకూ తల్లే. ఆ తర్వాత అంది కదా, "దెబ్బలు తిని నా దగ్గరకు రాకు. కొట్టి రా."

వాడు విన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ దెబ్బలు తిని రాలేదు. తల్లిమాట జవదాటని కొడుకంటే వాడే!

సరే, గొడవ అలా ఉండగానే అడవి వైపునుంచి నక్క జంబయ్య దిగాడు. నోట్లో మోదుగుపూల దండ. నడకలో వినయం. నక్క వినయం గురించి తెలిసి కూడా ప్రతి ఏడూ ఈ మంద వాడికి దారి ఇస్తూనే ఉంది.

"శుభమా అని వచ్చాను మావా" అన్నాడు దండ కింద పెట్టి. "మోదుగు పూసింది. పులిదొర కొలువుకి ఈ ఏడు దేవరపోతును ఎంచుకోవద్దూ? ధైర్యం, దర్జా ఉన్న కుర్రాడు కావాలి."

కుర్రపోతులన్నీ మెడలు చాచాయి. దేవరపోతు అంటే మాటలా? దండ మెడలో ఉన్నన్నాళ్లూ ఎక్కడ మేసినా అడిగేవాడు లేడు. మడుగులో మొదటి గుటక వాడిదే. వాడి మీద ఎవరూ కొమ్ము విసరకూడదు, కోప్పడకూడదు. ఆ పూలు వాడిపోయి రాలాక జంబయ్యే స్వయంగా వచ్చి దొర కొలువుకి తీసుకెళ్తాడు. వెళ్లినవాళ్లు అక్కడ పెద్ద పదవుల్లో ఉన్నారని చెప్పుకుంటారు. అంత పెద్ద పదవులు కాబట్టే ఇటువైపు తిరిగి చూడరని కూడా చెప్పుకుంటారు.

"ఇంకెవరు? మన కొమ్మోజే!" అన్నాడు మోతుబరి. ఇందాక ఫిర్యాదు విన్న చెవులు ఇంకా ఆరలేదు.

"భలే ఎంపిక మావా" అని జంబయ్య దండ వేశాడు. మంద కేరింతలు కొట్టింది. పొగడ గుండె మీదనుంచి ఏదో బరువు దిగింది. వాడిక నా బాధ్యత కాదు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడి, మేతకు వెళ్లిపోయింది.

ఇక చూడాలి. అంతకుముందు కొమ్మోజి ఆగడాలు చాటుమాటున ఉండేవి. ఇప్పుడు నడిబీడులో. మేకలు మేసే పొదల్ని తొక్కి పారేశాడు. నిద్రపోతున్న బసవన్న మీద బురద చిమ్మాడు. తాగాక ఇంకెవరూ తాగకుండా మడుగు కలిపేశాడు. ఎవరైనా మొహం చిట్లిస్తే చాలు, దండ ఊపి చూపించేవాడు. వెనక మూక, "మా అన్న! మా అన్న!" అని ఎగిరేది. ఆ మూకలో కిందటి ఏడు దాకా తల్లి చాటున ఉన్న దూడలు కూడా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం చామంతి ఆవు కూతురు ముత్యం వాగొడ్డున గరిక కొరుకుతోంది. ఇంకా మూతి తడారని తువ్వాయి. కొమ్మోజి వచ్చి "లే" అన్నాడు. దానికి ఆ మాట తనకని తెలియలేదు. తలెత్తి వాడి దండ కేసి చూసి, పూలు బాగున్నాయన్నట్టు ముక్కు చాచింది.

వాడు దాని ముందుకాలి మీద గిట్ట మోపాడు. ఊరికే మోపలేదు. ఒళ్లంతా బరువు వేసి మోపాడు.

ఎముక విరిగిన చప్పుడు తుమ్మచెట్టు దాకా వినిపించింది. తుమ్మచెట్టు కింద పొగడ ఉంది.

చామంతి పరుగెత్తుకొచ్చి, కూతుర్ని నాకి, లేపి, తిన్నగా పొగడ దగ్గరకే వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"వదినా, నువ్విక్కడే ఉన్నావు కదా. వాడు కావాలనే తొక్కాడని మంద ముందు ఒక్కమాట చెప్పు. వాణ్ణి కొట్టొద్దు, తిట్టొద్దు. ఆ మాట చెప్పు చాలు."

"నేను అటు తిరిగి ఉన్నాను చామంతీ. చూళ్లేదు."

"నిజమే వదినా. అటు తిరిగే ఉన్నావు. వాడు పుట్టినప్పటినుంచీ అటే తిరిగి ఉన్నావు."

ఆ సాయంత్రమే చామంతి కుంటుతున్న కూతురితో వాగు దాటి వెళ్లిపోయింది. అవతలి ఒడ్డున ఒంటరి మేత. మందలో ఒక్కరూ "ఆగు" అనలేదు. మోతుబరి మాత్రం, "ఆవులకు ఓర్పు తక్కువైపోతోంది" అన్నాడు.

పొగడకు ఆ రోజు మేత సయించలేదు. ఆ మర్నాడూ సయించలేదు. చివరికి మోతుబరి దగ్గరకు వెళ్లింది.

"మావా, ఆ దండ తీసెయ్యి. వాడి తలకెక్కింది."

"ఎక్కాలనే వేశాంగా!" మోతుబరి బురదలో ఒత్తిగిలాడు. "పూలు సగం రాలాయి. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు. ఆ పైన మందకూ సుఖం, నీకూ సుఖం."

"నాకేం సుఖం?"

"వాడంటే నీకు భయం కదూ!"

పొగడ ఇన్నేళ్లు గొంతులో దాచుకున్న ముక్కను ఈ ముసలాడు ఇంత తేలిగ్గా, ఈగను తోలినట్టు, బయట పడేశాడు.

"దొర కొలువులో... వాడికేం పని ఉంటుంది మావా?" అంది ఎలాగో.

"కొలువులో కాదమ్మా, కడుపులో." మోతుబరి పాపం అన్నట్టు చూశాడు. "నీకు తెలియదంటే నమ్మమంటావా? ఏటా ఒకణ్ణి పంపకపోతే దొర మంద మీద పడతాడు. మా తాతల నాటి ఒప్పందం. మంచివాణ్ణి పంపామనుకో, మంద ఏడుస్తుంది. తిరగబడినా తిరగబడుతుంది. అదే ఆగడాల పోతును పంపితే? పీడ విరగడైందని కాళ్లు చాచి పడుకుంటుంది. అందుకని ఏటా ఒక దుర్మార్గుడు కావాలి."

"ఏటా ఒకడు పుడతాడా?"

"పుట్టకపోతే తయారు చేసుకోవాలి. పెద్ద పనేం కాదు. కాస్త ఉసిగొల్పు, కాస్త ఎగతాళి చెయ్యి. తప్పు చేస్తే నవ్వు, ఒప్పు చేస్తే చూడకు. మిగతాది తల్లులే చూసుకుంటారు."

పొగడ ఒళ్లంతా భగ్గుమంది. మడుగులోకి దూకి ఆ ముసలి మెడ బురదలోకి తొక్కెయ్యాలనిపించింది. చీలిన చెవి గుర్తొచ్చింది. "కొట్టి రా" అన్న తన గొంతు గుర్తొచ్చింది. వీళ్లు పొయ్యి పేర్చారు సరే, నిప్పు ఊదింది తానే! ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక కొమ్ములతో గట్టును కుమ్మింది. మట్టి రాలింది. మోతుబరి కళ్లు మూసుకుని నెమరు వేసుకుంటున్నాడు.

తిన్నగా కొడుకు దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

"కుళ్లు" అన్నాడు కొమ్మోజి. "అందరికీ కుళ్లే. నీకు కూడా."

"నీ ప్రాణం పోతుందిరా నాయనా!"

"నా ప్రాణం గురించి నీకెందుకు? నేనొస్తే నువ్వు లేచి ఎండలోకి పోతావు. నాకు తెలీదనుకున్నావా?" వాడు మొహం తిప్పుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గొంతు దూడ గొంతులా పలికింది. అంతలో వెనకనుంచి మూక, "అన్నా, రా!" అంది. వాడు దండ ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

పొగడ బసవన్నను వెతుక్కుంటూ వెళ్లింది. "నీకు తెలుసా ఇదంతా?"

"తెలుసు తల్లీ. ఒకసారి కొండ వాలులో మేస్తూ కళ్లారా చూశాను. అడవిలో కత్తెరసందు ఉంది. రెండు బండల మధ్య దారి. ఒక్క పోతు దూరితే తల తిప్పే చోటుండదు. జంబయ్య సందు దాకా ముందు నడుస్తాడు. అక్కడ పక్కనున్న రాయెక్కి, 'తమరు ముందు నడవండి' అంటాడు. ఆ మర్యాదకు పొంగిపోయి పోతు లోపలికి పోతుంది. అవతలి కొసన దొర."

"చూసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నేనూ ఈ మందలోవాణ్ణేగా!"

పొగడ పొద్దువాలే దాకా ఆలోచించింది. బతిమాలితే వాడు వినడు. ఏడిస్తే నవ్వుతాడు. వాడిలోని మంచిని పిలుద్దామంటే ఏ పేరు పెట్టి పిలవాలో ఆమెకు తెలియదు, ఎప్పుడూ పిలిచి ఎరగదు. వాడి చెడు మాత్రం పిలవకుండానే పలుకుతుంది. సరే, దాన్నే పిలుస్తాను అనుకుంది.

పూలన్నీ రాలి దండలో నార మిగిలిన రోజున జంబయ్య వచ్చాడు. "వేళయింది దొరబాబూ" అన్నాడు. మూక కేకలు వేస్తోంది. పొగడ గుంపులోకి వచ్చి, పక్కనున్న సూరమ్మతో అంటున్నట్టు, కానీ అందరికీ వినపడేలా అంది:

"ఏమో సూరమ్మా, ఈ జంబయ్య మహ గట్టివాడట. 'కత్తెరసందు దగ్గర నేను రాయెక్కి ముందు నడువు అంటాను, మీ కొమ్మోజి నోరెత్తకుండా నడుస్తాడు. వాడు నేను తలాడించమంటే ఆడించే గంగిరెద్దు' అని అడవంతా చెప్పుకుంటున్నాడట."

మూకలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ ఒక్క నవ్వు చాలు. కొమ్మోజి ముక్కుపుటాలు ఉబ్బాయి.

"ఎవడు గంగిరెద్దు?"

"అబ్బే, ఆడవాళ్ల మాటలు..." జంబయ్య తోక ముడిచాడు. "పదండి, పదండి."

ఇద్దరూ అడవిలోకి నడిచారు. వెనకాల పొదల చాటున పొగడ నడిచింది. మూక కూడా తమాషా చూద్దామని దూరదూరంగా వచ్చింది.

కత్తెరసందు మొదట్లో జంబయ్య రాయి మీదకు కాలెత్తాడు. "తమరు ముందు..."

"దిగు" అన్నాడు కొమ్మోజి.

"అదేమిటి బాబూ, దేవరపోతు వెనక నడవడమా? పెద్దరికం..."

"నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. దిగి ముందు నడువు." కొమ్ము విసిరాడు. జంబయ్య రాయి మీదనుంచి సందులోకి పడ్డాడు. పక్కకు తప్పుకుందామంటే బండ. వెనక్కి వద్దామంటే కొమ్ములు. "బాబూ, నాయనా, నడుం నొప్పిగా ఉంది, దారి ఇవ్వు" అని కాళ్లావేళ్లా పడ్డాడు. బతిమాలేవాణ్ణి ఇంకా పొడవడం కొమ్మోజికి అలవాటైన సరదా. తోసుకుంటూ, నవ్వుకుంటూ, నక్కను ముందుకు తరిమాడు.

అవతలి కొసన రెండు పచ్చటి కళ్లు వెలిగాయి.

"దొరా! దొరా! నేను జంబయ్యని!" నక్క కెవ్వున కేకేసింది. "నీ కూడు నా వెనకుంది! దండ వాడి మెడలో ఉంది, చూడు! నిరుటిలాగే పొగిడి పొగిడి తెచ్చాను! వాణ్ణి తిను, నన్ను కాదు!"

కొమ్మోజి నవ్వు సగంలో ఆగింది. తల్లి చెబితే ఎక్కని మాట, నక్క నోట వినేసరికి ఒక్క గుక్కలో దిగింది.

పులికి ఆకలి. దండ ఎవరి మెడలో ఉందో వెతికే ఓపిక లేదు. ముందు అందింది జంబయ్య. ఏళ్ల తరబడి మిగులు పేగులు తిన్నవాడు ఆ రోజు మొదటి ముద్దయ్యాడు.

దున్నపోతు వెనక్కి నడవదంటారు. ఆ రోజు నడిచింది. పక్కలు బండలకు రాసుకుని చర్మం ఊడుతున్నా నడిచింది. సగం దారిలో కాళ్లు చచ్చుబడి ఆగిపోతే, వెనకనుంచి పొగడ వాడి తోక పళ్లతో పట్టి లాగింది. లాగి లాగి బయట పడేసింది. అక్కణ్ణుంచి బీడు దాకా తల్లీ కొడుకూ ఆగలేదు. మూక ఎప్పుడు పారిపోయిందో పారిపోయింది.

మడుగు కనబడగానే కొమ్మోజి వణుకు కోపంగా మారింది. "ఆ ముసలాణ్ణి చీల్చేస్తా" అని తల వంచాడు.

పొగడ వాడికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో."

"తప్పుకోను."

"ఇన్నాళ్లూ తప్పుకున్నావుగా!"

"అందుకే ఇక్కడిదాకా వచ్చింది."

వాడి కొమ్ములు ఆమె డొక్కకు ఆనాయి. ఆమెకు భయంగానే ఉంది. అయినా కాలు తీయలేదు.

"వాళ్లే నిన్నిలా చేశారు, నిజం. నేనూ చేశాను, అదీ నిజం. కానీ ముత్యం కాలు మీద మోపిన గిట్ట మోతుబరిది కాదు, నాది కాదు. నీది. ముందు ఆ సంగతి చూడు. ఈ ముసలాడి సంగతి మంద చూసుకుంటుంది."

మెల్లగా కొమ్ములు డొక్కనుంచి జారాయి. వాడు తప్పయిందని అనలేదు, ఏడవలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. అంతే.

అప్పటికే మూక, నక్క అరిచిన మాటలన్నీ మందంతా చాటింపు వేసేసింది. పోయిన ఏడు అన్నను పంపిన చెల్లెలు, అంతకుముందు కొడుకును పంపిన తల్లి, అందరూ మడుగు చుట్టూ చేరారు. ఒక్కరూ నవ్వడం లేదు. మోతుబరి బురదలోంచి లేవలేక, "అది కాదర్రా... మరి దొర వస్తే ఏం చెబుదాం?" అని నసిగాడు.

"నువ్వే వెళ్లి చెప్పు మావా" అంది మేక సూరమ్మ. "దారి నీకు బాగా తెలుసుగా."

"ఇన్ని కొమ్ములున్నాయి మందకు" అన్నాడు బసవన్న. ఈసారి మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. "ఇన్నాళ్లూ మనలో మనల్ని పొడుచుకోవడానికే వాడాం."

మోతుబరిని ఎవరూ కొట్టలేదు. వాణ్ణి బురదలోనే వదిలేసి, పెద్దలంతా అడవి వైపు తిరిగి, పిల్లల్ని నడుమ పెట్టుకుని వరసగా నిలబడ్డారు. వాడి మెత్తటి మాట వినడానికి గట్టున కప్ప కూడా మిగల్లేదు.

పొగడ వాగు వైపు చూసింది. అవతలి ఒడ్డున ఒక తెల్లటి చుక్క, దాని పక్కన కుంటుతూ ఇంకో చిన్న చుక్క. కాకితో కబురంపితే చాలు, చామంతి వచ్చేస్తుందంటారు మందలో అందరూ. చామంతి రాదు. రావాల్సిన పనీ లేదు. వెళ్లాల్సింది తను, కొడుకును వెంటబెట్టుకుని. కానీ చెప్పకుండా వెళ్తే ఆ పిల్ల వాడి కొమ్ములు చూసి బెదురుతుంది. ముందు కబురు వెళ్లాలి. ఏమని? నేను అటు తిరిగి లేను, చూశాను, అంతా చూశాను, అని. మంద ముందు చెప్తాను, అని.

తుమ్మకొమ్మ మీద కాకి రెక్కలు సర్దుకుంటోంది. పొగడ గొంతు సవరించుకుంది. పిలుద్దామని తలెత్తింది.

కుర్రవాడి ఆగడానికి కేరింతలు కొట్టేవాడు వాడికి నేస్తం కాదు. ఆ ఆగడంతో తనకు పని పడినవాడు.